ఫిల్టర్ డబ్బా మీద ఎర్ర దారం

మూడో మలుపులో బండి మళ్ళీ ఆగిపోయింది.

ఆగడమంటే మర్యాదగా ఆగడం కాదు. ముందు ఒక దగ్గు దగ్గింది. తర్వాత ఆయాసపడింది. వెనక కట్టిన రెండు మూటల బరువూ తన నెత్తినే పడ్డట్టు ఓ మూలుగు మూలిగి చల్లగా ఊరుకుంది. కత్తెరక్క రెండు కాళ్ళూ నేలకి తన్నిపెట్టి, బ్రేకు బిగించి పట్టుకుని, "నీ దుంప తెగ, ఇక్కడేనా?" అంది. సరిగ్గా ఇక్కడే. పోయినవారం కూడా ఈ మలుపులోనే, ఈ పగిలిన పిట్టగోడ పక్కనే.

బట్టలు కుడుతుంది కాబట్టి వీధిలో అందరూ ఆమెని కత్తెరక్క అన్నారు. నోరు కూడా ఆ మాదిరే కాబట్టి పేరు అలాగే నిలిచిపోయింది. మూటల్లో కొండమీది ఆసుపత్రికి కుట్టిన నలభై తెల్లకోట్లున్నాయి. తొమ్మిదింటికల్లా ఇవ్వాలి. ఇంకా పది నిమిషాలుంది. స్టార్టర్ బటన్ నొక్కింది. గుర్రుమంది గానీ అందుకోలేదు. దిగి తోద్దామంటే, ఆ ఎత్తులో, ఆ మూటలతో, బండి ఆమెనే కిందికి తోసుకుపోయేలా ఉంది.

వెనకనించి నీళ్ళ ట్యాంకరొకటి వచ్చి ఆగింది. డ్రైవరు పెద్దాయన. మెడలో తువ్వాలు తీసి చెవులు తుడుచుకుని, "ఇంకోసారి నొక్కమ్మా, వింటాను" అన్నాడు. ఆమె నొక్కింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"దీనికి గాలి అందడం లేదు. ముక్కు మూసేసి పరిగెత్తమంటే ఎవరు పరిగెడతారు? ఎయిర్ ఫిల్టర్ చూపించు."

"మొన్ననే శుభ్రం చేశారండీ. కాగితం మీద టిక్కు కూడా పెట్టారు."

"కాగితం గాలి పీల్చదుగా తల్లీ."

"పోనీ మీరే విప్పి చూద్దురూ."

ఆయన బండి పక్కకి వంగి, అక్కడ అంటించిన స్టిక్కరు చూసి నిటారుగా లేచాడు. బయటివాళ్ళు విప్పితే వారంటీ వర్తించదని అందులో ఉంది. "నేను చెయ్యి పెడితే రేపు తప్పంతా నాదంటారు. ఎక్కడ కొన్నావో అక్కడే అడుగు. గట్టిగా అడుగు" అని మూటలు రెండూ తన క్యాబిన్‌లో వేసుకున్నాడు. మూటలు దిగాక బండి ఎలాగో అందుకుంది. మొదటి గేరులో, నత్త కూడా నవ్విపోయేలా, ట్యాంకరు వెనకాలే కొండెక్కింది.

ఆసుపత్రి మేట్రన్ ఛాతీ మీద చిన్న గడియారం తలకిందులుగా పిన్నుతో వేలాడుతూ ఉంటుంది. ఆవిడ ఒక్కతే చూసుకోవడానికి వీలుగా. అది పైకెత్తి చూసి, "ఇరవై ఐదు నిమిషాలు" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది. ఒక్కో కోటూ విప్పి, అంచుల వెంట, చంకల దగ్గర, కాలర్ కింద వేళ్ళు పెట్టి తడిమింది.

"నీ కుట్టులో ఇన్నాళ్ళలో ఒక్క పిన్ను దొరకలేదు. నీ ముందున్న దర్జీ పిన్ను ఒక రోగి వీపులో దిగింది. అందుకే నిన్ను వదులుకోలేక రెండుసార్లు ఊరుకున్నాను" అంది మేట్రన్. "శనివారం పొద్దున ఆపరేషన్ గది గౌన్లు. తొమ్మిదంటే తొమ్మిదే. రాకపోతే ఇక్కడే గేటు పక్కన ఒకాయన మిషను పెట్టుకుని ఖాళీగా కూర్చున్నాడు. ఆయనకిస్తాను. తర్వాత నన్నేమీ అనుకోకు."

ఏమనుకుంటుంది? ఆ మాటలో అన్యాయం ఎక్కడుంది? కత్తెరక్క తలూపి బయటికొచ్చింది. కొండ దిగుతుంటే మాత్రం బండి పట్టులా నడిచింది. దాంతో ఆమెకి ఒళ్ళు ఇంకా మండింది.

*

ఇంట్లో ముందుగదే కుట్టుగది. గోడ వారగా మిషను, కిటికీ కింద కత్తిరించే బల్ల, బల్ల చివర అత్తగారు. అత్తగారికి కళ్ళజోడు పెడితే చూపు బాగా ఉంది, మోకాళ్ళు లేవు. అందుకని రోజంతా కూర్చుని బొత్తాలు కుడుతూ, కుడుతున్నంతసేపూ ఎవరో ఒకరిని ఆటపట్టిస్తూ ఉంటుంది.

కత్తెరక్క ఆపరేషన్ గౌన్ల గుడ్డ పరిచి, పిన్నుల దిండు మీంచి పిన్నులు తీసుకుంది. పైకే లెక్కపెట్టింది. పన్నెండు. ఒక గౌనుకి పన్నెండు పెడుతుంది, కుట్టాక పన్నెండూ తీసి దిండుకి గుచ్చి, మళ్ళీ పైకే లెక్కపెడుతుంది. అప్పుడుగానీ ఆ గౌను పక్కకి వెళ్ళదు. పదకొండే వచ్చాయంటే ఇల్లంతా కూర్చుని వెతకాల్సిందే, అన్నం ముందున్నా సరే.

మధ్యాహ్నం ఆమె భర్త వచ్చాడు. బస్సు డిపోలో గుమాస్తా ఆయన. నెమ్మదస్తుడు. గొడవంటే ఆమడ దూరం నడిచే మనిషి. చెప్పులు విప్పుతూనే, "ఆదివారం ఒకాయన వస్తానన్నాడు" అన్నాడు.

"దేనికి?"

"బండి చూసుకోడానికి. ఇచ్చేద్దామే. ఎన్నిసార్లని తోస్తావు నడిరోడ్డు మీద?"

ఆమె చేతిలో కత్తెర గుడ్డ మధ్యలో ఆగింది. "ఇచ్చేసి?"

"బస్సు ఉంది కదా."

"కొండమీదికి మొదటి బస్సు పదకొండింటికి. డిపోలో కూర్చుని టైంటేబుల్ రాసేది మీరే, మీకు తెలీదా?"

ఆయన బల్ల మీదున్న సర్వీసు కాగితం ఒకటి తీశాడు. "కంపెనీ వాళ్ళే రాశారు చూడు. నడిపేవారి లోపం. క్లచ్ సరిగా వదలడం లేదు. వాళ్ళకి తెలీదంటావా?"

ఆ మాట ఆమెకి ఎక్కడో లోపల గుచ్చుకుంది. షోరూం కుర్రాడు అన్నప్పుడు కోపం వచ్చింది. ఈయన అన్నప్పుడు ఏడుపొచ్చింది. ఎందుకంటే ఈయనకి బండి నడపడమే రాదు. సైకిలు కూడా ఒక పక్కకే తిప్పగలడు. అలాంటి మనిషి కూడా, ఒక కాగితం చూసి, ఆరేళ్ళుగా బండ్లు నడుపుతున్న పెళ్ళానికి క్లచ్ రాదని నమ్మేశాడు. అంతకంటే ఘోరం ఏమిటంటే, ఈ మధ్య ఎత్తెక్కేటప్పుడల్లా ఆమెకే తన ఎడమచెయ్యి మీద అనుమానం వస్తోంది. ఒకవేళ నిజంగానే నాదే లోపమేమో, అని.

ఆయన అన్నం తిని వెళ్ళాక, కాగితాలు మూడూ వరసగా బల్ల మీద పరిచింది. మొదటి సర్వీసుది ఒకటి, ఆ తర్వాత బండి ఆగిపోతోందని తీసుకెళ్ళిన రెండుసార్లవీ రెండు. మొదటి సర్వీసుకి ముందు బండి బంగారం. ఈ రోగమంతా ఆ తర్వాతే. మూడు కాగితాల్లోనూ 'ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయడమైనది' అన్న వరసకి ఎదురుగా టిక్కు. ఒకే వంపు, ఒకే పొడవు, పై నించి కింది దాకా గబగబా గీసుకుపోయిన టిక్కులు.

"నిజంగా విప్పారో లేదో మనకెలా తెలుస్తుందత్తయ్యా?" అంది.

అత్తగారు సూది నోట్లో పెట్టుకుని దారం తెంపింది. "కాజాలకి బయటికి పంపే గుడ్డకి మూలన గుర్తు కుట్టు వేస్తావెందుకే?"

"గుడ్డ మార్చకుండా."

"మరి ఆ బండికేం పాపం? అదీ బయటికి వెళ్ళేదేగా."

కత్తెరక్క ఒక్క క్షణం అత్తగారి మొహంలోకి చూసి, లేచి, ఆవిడ తల పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది. "చాల్లే, నా కళ్ళజోడు వంగిపోతుంది" అంది ముసలావిడ.

బండి వాకిట్లోనే ఉంది. తాళంతో పక్క రేకు తీస్తే లోపల నల్లటి డబ్బా, దాని మూతకి నాలుగు మూలలా నాలుగు స్క్రూలు. నలభై నంబరు ఎర్ర దారం రెండుపేటలు చేసి, ఒక స్క్రూ మెడకి చుట్టి, ఎదుటి మూల స్క్రూకి లాగి, అడ్డంగా మిగతా రెండింటికీ తిప్పి, మధ్యలో ముడి వేసింది. మామూలు ముడి కాదు. దారం కొసని రెండుసార్లు లోపలికి దోపి లాగే ముడి, బొత్తాల కాడకి ఆమె ఒక్కతే వేసేది. ఇంకెవరైనా తెంపి మళ్ళీ కడితే ఇట్టే తెలిసిపోతుంది. స్క్రూ పావు వంతు తిరిగినా దారం తెగిపోవాలి. చేత్తో ఒకసారి మీటి చూసి, రేకు మూసేసింది.

*

బుధవారం పొద్దున షోరూంలో చల్లగా, సువాసనగా, పెళ్ళివారి విడిదిలా ఉంది. సోఫాలు, టీవీ, కాఫీ మిషను. వెనక వర్క్‌షాపు కనిపించే అద్దం గోడకి నిండా కొత్త బండ్ల పోస్టర్లు అంటించేశారు. బండ్ల లోపలికి చూడాలనుకునే వాళ్ళకి బండ్ల బొమ్మలు చూపిస్తున్నారన్నమాట.

బండ్లు రాసుకునే కుర్రాడి మెడలో టై ఉంటుంది. అందుకని ఆమె మనసులో అతని పేరు టైబాబు.

"మళ్ళీ వచ్చారా మేడమ్!" అన్నాడు టైబాబు, చుట్టం వచ్చినట్టు. "ఎత్తులో హాఫ్ క్లచ్ పట్టుకుంటున్నారు మీరు. లేడీస్‌కి మామూలే. మా వాళ్ళు మొన్న బిల్డింగ్ చుట్టూ రెండు రౌండ్లు కొట్టి చూశారు. బండి పర్ఫెక్ట్."

"మీ బిల్డింగ్ చుట్టూ కొండ లేదు బాబూ."

"అదీ నిజమేననుకోండి." నవ్వాడు. నవ్వడానికే జీతం ఇస్తారేమో అన్నంత నిండుగా నవ్వాడు.

"ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడమని రాయి. నా ఎదురుగా రాయి."

రాశాడు. కింద గీత కూడా గీశాడు. వెనక్కి వెళ్ళి చూస్తానంటే మాత్రం, "కస్టమర్లకి ప్రవేశం లేదు మేడమ్, మీ సేఫ్టీ కోసమే" అన్నాడు. గురువారం సాయంత్రం ఇస్తామన్నది కాస్తా శుక్రవారం పొద్దుటికి జరిగింది.

శుక్రవారం కత్తెరక్క పాత సర్వీసు కాగితాలూ, గౌన్లకి కట్టే నాడాలు కొన్నీ సంచిలో వేసుకుని బయల్దేరింది. ఖాళీగా కూర్చోవడం ఆమెకి చేతకాదు. గుమ్మం దగ్గర భర్త కూడా చెప్పులేసుకున్నాడు. "నేనూ వస్తా. అక్కడ నువ్వు గొడవ పెట్టుకోకుండా" అన్నాడు. "రండి, ఎవరు వద్దన్నారు" అంది ఆమె.

కడిగిన బండి షోరూం ముందు తళతళలాడుతోంది. టైబాబు తాళం, కాగితం చేతిలో పెట్టాడు. అన్నిటికీ టిక్కులు. ఫిల్టర్‌కీ టిక్కు. అడుగున మళ్ళీ అదే ముక్క: నడిపేవారి లోపం.

ఆమె బండి పక్కన గొంతుకూర్చుని, పక్క రేకు తీసింది. ఎర్ర దారం నాలుగు మూలలా బిగుతుగా ఉంది. మధ్యలో ఆమె ముడి. ముడి మీద కడిగిన నీళ్ళ చుక్క ఒకటి ఇంకా ఆరలేదు.

"ఇటు రండి" అని భర్తని పిలిచి చూపించింది. ఆయన వంగి చూశాడు. చేతిలో కాగితం చూశాడు. మళ్ళీ దారం చూశాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

ఆమె రేకు పక్కన పెట్టి, బండిని అక్కడే వదిలి, లోపలికెళ్ళి నడిమి సోఫాలో కూర్చుంది. సంచిలోంచి నాడా తీసి, సూదిలో దారం ఎక్కించి, కుట్టడం మొదలెట్టింది.

"మేడమ్, బండి రెడీ అయిపోయింది కదా?" అన్నాడు టైబాబు.

"ఫిల్టర్ విప్పలేదు. విప్పాక వెళ్తాను."

"విప్పాం మేడమ్, టిక్కు చూడండి."

"టిక్కు చూశాను. దారం కూడా చూశాను." అని, పక్క సోఫాలో ఉన్నాయనకి వినపడేలా దారం సంగతంతా చెప్పింది. ఆయన గుడ్ల వ్యాపారి. దుకాణాలకి గుడ్లు వేసొస్తాడు. బ్రేకులు పట్టడం లేదని నెలలో ఇది మూడోసారి రావడం. కథంతా విని, "ఎంత పని చేశావమ్మా!" అని సోఫా చెయ్యి మీద చరిచాడు. నలుగురూ లేచి బయటికెళ్ళి దారం చూసొచ్చారు. చూసొచ్చిన వాళ్ళు తిరిగి కూర్చోలేదు, ఆమె చుట్టూ నిలబడిపోయారు. ఆమె మాత్రం తలెత్తకుండా కుడుతోంది.

చివరికి మేనేజరు అద్దాల గదిలోంచి బయటికొచ్చాడు. బొద్దుగా, శుభ్రంగా, ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. "ఏమిటమ్మా ఇది, ఇక్కడ కుట్టుపనేమిటి?"

"మీ పని మీరు చేసేదాకా నా పని నేను చేసుకుంటున్నానండీ."

ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజరు గొంతు తగ్గించాడు. "ఆ దారం మా వాళ్ళు విప్పాక మీరే మళ్ళీ కట్టి ఉండొచ్చు కదా."

"బండి రెండు రోజులుగా మీ దగ్గరే ఉంది. తాళం చేతికొచ్చి పావుగంట కాలేదు. ఆ గోడ మీద కెమెరా ఉంది, తిప్పి చూసుకోండి."

"సరే, సోమవారం తీసుకురండి. ఇవాళ వర్క్‌షాపు ఫుల్లు."

కత్తెరక్క మొదటిసారి తలెత్తింది. "రేపు తొమ్మిదింటికి నేను కొండమీద ఉండాలి. లేకపోతే నా పని వేరేవాళ్ళకి పోతుంది. ఎల్లుండి ఈ బండే పోతుంది. సోమవారం తీసుకురావడానికి నా దగ్గర బండి ఉండదు. అందుకని ఇవాళే విప్పండి. స్టిక్కరు మీది, స్క్రూలు మీవి, చేతులు కూడా మీవే. నేను ముట్టుకోను. కళ్ళతో చూస్తానంతే."

మేనేజరు కదల్లేదు. ఆమె భర్త, గొడవంటే ఆమడ దూరం నడిచే ఆ మనిషి, గొంతు సవరించుకుని, "ఆవిడ అడిగిందాంట్లో తప్పేముందండీ?" అన్నాడు. కత్తెరక్క సూది ఒక కుట్టు తప్పింది.

అప్పటికే వెనక తలుపు దగ్గర ఒక మెకానిక్కు తాళం చెవుల కోసం వచ్చి నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి, గోళ్ళ నిండా నలుపు, చొక్కా జేబు మీద ఏడో నంబరు. అందరి మొహాలూ ఒకసారి చూసి, జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. "రెండు నిమిషాల పని సార్" అన్నాడు. మేనేజరు ఊ అనలేదు, ఊహూ అనలేదు. ఏడో నంబరు ఊ అన్నట్టే లెక్కేసుకుని బయటికి నడిచాడు.

బండి చుట్టూ గుంపు కట్టారు. ఏడో నంబరు దారం చూసి, "చక్కటి ముడమ్మా" అని, మొదటి స్క్రూ తిప్పాడు. టప్పున తెగింది దారం. ఆ చిన్న చప్పుడు అందరికీ వినపడింది. నాలుగు స్క్రూలూ తీసి, మూత ఎత్తి, ఫిల్టర్ బయటికి లాగాడు. దుమ్ముతో బూడిదరంగుకి తిరిగింది. అయినా ఆయన మొహం ముడుచుకుంది. ఇంతమాత్రానికి బండి ఆగకూడదే అనుకుంటున్నట్టు, డబ్బాలోకి రెండు వేళ్ళు దూర్చాడు. గాలి లోపలికొచ్చే గొట్టం నోట్లో ఏదో మెత్తగా తగిలింది. పట్టుకుని లాగాడు.

గుడ్డ. మూరెడు గుడ్డ. ఒక కొస నల్లగా మసి, మడతల్లోపల ఇంకా నీలం, చుట్టూ తెల్ల అంచు. తుడుచుకోడానికి షోరూం వాళ్ళు మెకానిక్కులకిచ్చే గుడ్డ. వర్క్‌షాపులో ప్రతివాడి భుజం మీదా అలాంటిదే ఒకటుంది.

కత్తెరక్క ఆ గుడ్డ అందుకుని, అలవాటుగా అంచు వెంట బొటనవేలు పోనిచ్చింది. మూల దగ్గర ఆగింది. అక్కడ తెల్ల దారంతో చిన్నగా అంకె కుట్టి ఉంది. ఏడు.

ఆమె అంకె చూసింది. మెకానిక్కు జేబు చూసింది. ఆయన కూడా చూశాడు.

"నాదేనమ్మా" అన్నాడు మెల్లగా. "మొదటి సర్వీసు నేనే చేశాను. ఆ రోజు గుడ్డ పోయిందని కొత్తది తీసుకున్నాను. ఎక్కడ పోయిందో వెతకలేదు."

మేనేజరుకి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. "చూశారా! ఒక్క మనిషి నిర్లక్ష్యం! మేడమ్, సారీ. ఈయన్ని ఇవాళే ఇంటికి పంపిస్తాం. మీకు న్యాయం జరిగిపోయింది."

కత్తెరక్కకి కావలసింది అదే అయ్యుండాలి మరి. ఎవరో ఒకరు తల దించుకోవాలని నెల రోజులుగా రగిలిపోతోంది. తల దించుకున్న మనిషి ఎదురుగానే ఉన్నాడు. కానీ ఆ తల సరైన తల కాదని ఆమెకి స్పష్టంగా తెలిసింది.

"ఆగండి" అంది. "నేను కుట్టు నేర్చుకున్న కొత్తలో ఒక పసిపిల్ల గౌనులో పిన్ను మర్చిపోయాను. ఆ ఏడుపు ఇంకా నా చెవుల్లో ఉంది. ఆ రోజునించీ పన్నెండు పెడితే పన్నెండు లెక్కపెట్టి తీస్తాను. ఈయన గుడ్డ మర్చిపోయాడు. తప్పే. మీరంతా విన్నారు, నాదేనని ఒప్పుకున్నాడు. తర్వాత మూడుసార్లు ఈ డబ్బా మూత తీయకుండా తీశామని రాసిందెవరు? ఒక్కసారి తీసినా ఈ గుడ్డ ఆ రోజే దొరికేది. పిన్ను మర్చిపోవడం వేరండీ. చూడకుండానే పిన్ను లేదని రాసివ్వడం వేరు. ఈ కాగితాల మీద సంతకం ఈయనదా, మీదా?"

మేనేజరు టైబాబు వైపు చూశాడు. టైబాబు నేల వైపు చూశాడు.

"టిక్కులు పొద్దున్నే పెట్టేస్తారమ్మా" అన్నాడు ఏడో నంబరు. పోయే ఉద్యోగం ఎలాగూ పోతోందనుకున్నాడో ఏమో, గొంతులో భయం లేదు. "బండ్లు రాకముందే, కట్టలు కట్టలు. మాకు ఒక్కో బండికి ఇరవై నిమిషాలు. కడగడానికే పది పోతాయి."

అంతే. చుట్టూ ఉన్నవాళ్ళంతా జేబుల్లోంచి, సంచుల్లోంచి తమ తమ కాగితాలు తీశారు. గుడ్లాయన కళ్ళజోడు పైకి తోసుకుని చదివాడు. "'కూలెంట్ నింపడమైనది.' ఏమయ్యా, నా బండికి అది పోసే రేడియేటరే లేదు! ఎక్కడ నింపారు, నా గుడ్ల బుట్టలోనా?"

గొల్లున నవ్వారు. కోపమంతా ఆ నవ్వులోంచే బయటపడింది. "మాదీ విప్పండి, మాదీ విప్పండి" అని పది గొంతులు ఒక్కసారే లేచాయి. మేనేజరు ఇస్త్రీ చొక్కా వీపు మీద తడిసిపోయింది. "అందరివీ విప్పిస్తాం. మీ ఎదురుగానే" అన్నాడు. గుడ్లాయన ఆ మాట ఇంకా పూర్తి కాకముందే లోపలికెళ్ళి, అద్దం మీది పెద్ద పోస్టరు ఒక మూల పట్టుకుని సర్రున లాగేశాడు. వెనక వర్క్‌షాపు మొత్తం కనపడింది.

"మీకేం కావాలి మేడమ్?" అని అడిగాడు మేనేజరు. ఈసారి 'మేడమ్' కాస్త మనిషిని పిలిచినట్టుంది.

"మొదటి సర్వీసు తర్వాతి మూడు కాగితాల్లోనూ ఆ ముక్క కొట్టేయండి. నడిపేవారి లోపం కాదు, మా లోపం అని పక్కన రాసి సంతకం పెట్టండి. ఈ పెద్దాయన ఉద్యోగంలోనే ఉంటాడని అందరి ముందూ చెప్పండి. నా బండి ఆయన చేతే బాగుచేయించండి."

రాశాడు. మూడుచోట్లా రాశాడు. ఏడో నంబరు ఉద్యోగంలోనే ఉంటాడని అందరూ వినేలా చెప్పాడు. పెన్ను టైబాబే అందించాడు. ఆమె సంతకాలు చదివి, కాగితాలు మడిచి, భర్త చేతిలో పెట్టింది. "మీ దగ్గరుంచండి. చదవడం మీకు అలవాటు కదా." ఆయన గతుక్కుమన్నాడు గానీ, జాగ్రత్తగా చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.

కొత్త ఫిల్టర్ వేసి, మసిపట్టిన ప్లగ్గు మార్చి, మూత బిగించే ముందు ఏడో నంబరు ఆగాడు. భుజం మీది గుడ్డ తీసి చూపించాడు. జేబులోది తీసి చూపించాడు. "రెండు తెచ్చాను, రెండూ ఉన్నాయి" అని పైకే లెక్క చెప్పి, అప్పుడు బిగించాడు.

*

శనివారం ఎనిమిదింటికి గౌన్ల మూటలు కట్టాక, భర్త కూడా వస్తానన్నాడు. "బండి ఆగితే మూటలు నేను మోస్తా" అన్నాడు. "నువ్వెక్కితే ఆగదా ఏమిట్రా?" అంది అత్తగారు బొత్తం మీంచి చూపు తిప్పకుండా. అయినా ఆయన ఎక్కాడు, ఒక మూట ఒళ్ళో పెట్టుకుని.

మొదటి మలుపు, రెండో మలుపు. ఆయన ఎడమచెయ్యి ఆమె భుజం మీద బిగుసుకుంటోంది. మూడో మలుపు. పగిలిన పిట్టగోడ. సరిగ్గా అక్కడే, ఆ ఎత్తు మధ్యలో, బండి ఆగిపోయింది.

"అయిపోయిందా?" అన్నాడాయన నీరుగారిపోయిన గొంతుతో, ఒక కాలు కిందికి జారుస్తూ.

"కాలు పైన పెట్టండి. అది ఆగలేదు, నేను ఆపాను."

బండి నెమ్మదిగా గుర్రుమంటూనే ఉంది. దగ్గు లేదు, ఆయాసం లేదు. ఆమె బ్రేకు మీద పట్టు ఉంచి, మొదటి గేరు వేసింది. "ఇప్పుడు నా ఎడమచెయ్యి చూడండి" అంది. ఆయన భుజం మీదుగా తల ముందుకి పెట్టి చూశాడు. సూదిలోకి దారం పోనిచ్చే ఆ నాలుగు వేళ్ళు క్లచ్‌ని ఒక్కో దారపుపోగంత వదులుతున్నాయి. బ్రేకు ఎప్పుడు వదిలిందో ఆయనకి తెలియనే లేదు. ఇద్దరు మనుషులూ, రెండు మూటలూ, ఒక్క కుదుపు లేకుండా, వెనక్కి ఒక్క అంగుళం జారకుండా, బండి పైకి కదిలింది. రెండో గేరు. మూడో గేరు. గాలి చెవుల పక్కనించి రివ్వున పోతుంటే కత్తెరక్క గట్టిగా, ఒళ్ళు మరిచి నవ్వింది. చాలా రోజులైంది ఆమె అలా నవ్వి.

ఆసుపత్రి గేటు దగ్గర మేట్రన్ ఛాతీ మీది గడియారం పైకెత్తింది. ఎనిమిదీ ముప్పై ఐదు. గౌన్ల అంచులన్నీ తడిమి, ఒక్క పిన్నూ దొరక్క, తృప్తిగా తలూపింది. బండి పక్కన నిలబడ్డ మగమనిషిని చూసి, "అదీ సంగతి! ఇవాళ మీరు నడిపారా?" అంది.

"నాకు రాదండీ" అన్నాడాయన. "ఆవిడే నడిపింది. ఎప్పుడూ ఆవిడే."

ఆ మాట అని, కాస్త పక్కకెళ్ళి ఫోను తీశాడు. ఆదివారం రావలసిన మనిషితో మాట్లాడాడు. రావద్దన్నాడు. అవతలివాడు ఎందుకని గట్టిగా అడిగినట్టున్నాడు. "బండిలో లోపమేం లేదయ్యా. నడిపే మనిషిలోనూ లేదు. కాగితం కూడా ఉంది నా దగ్గర, సంతకాలతో సహా" అని, జేబు తడిమి చూసుకుని, ఫోను పెట్టేశాడు.

తర్వాత బండి దగ్గరికొచ్చి, కాసేపు హ్యాండిలు వైపు చూస్తూ నిలబడ్డాడు. "నాకూ నేర్పుతావా?" అన్నాడు.

"నేర్పుతాను" అంది కత్తెరక్క, స్టాండు తీస్తూ. "ముందు క్లచ్."